మాష్టారి సైటుకు వికీపీడియాలో వ్యాసం ఉండొచ్చా?

పేరూ ఊరూ వద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమె తెలుగు వికీపీడియాలో ఆరేళ్లుగా రాస్తున్నారు, రెండేళ్లుగా నిర్వాహకురాలు, అంటే పేజీలు తొలగించే, తిరిగి తెచ్చే మీటలు చేతిలో ఉన్న సభ్యురాలు. జీతం లేని పని. ఆఫీసూ ఇల్లూ తెమిలాక రాత్రిపూట గంటో గంటన్నరో కూర్చుంటారు. హైస్కూల్లో తనకు సైన్సు చెప్పిన మాష్టారు రిటైరయ్యాక, ఎనిమిది నెలల కిందట ఒక వెబ్‌సైటు పెట్టారు. ఆరు నుంచి పదో తరగతి దాకా భౌతిక, రసాయన శాస్త్ర పాఠాలు, తెలుగులో, ఉచితంగా. బొమ్మలన్నీ ఆయన చేత్తో గీసినవే. పోయిన నెల మరో పూర్వ విద్యార్థి ఈ సైటు మీద వికీపీడియాలో వ్యాసం రాశాడు. వారం తిరక్కుండానే ఇంకో సభ్యుడు దానికి తొలగింపు మూస (తీసెయ్యాలని కోరే పట్టీ) తగిలించాడు: "విషయ ప్రాముఖ్యత లేదు. సైటు పెట్టి ఎనిమిది నెలలే. ప్రచారం." చర్చ మొదలైంది. రెండు రోజుల్లో పద్నాలుగు కొత్త ఖాతాలు వచ్చి "ఉంచాలి" అని రాసి వెళ్లిపోయాయి. పేర్లు చూడగానే వాళ్లంతా తన బడి వాళ్లేనని ఈమెకు తెలిసిపోయింది.

ఆ మర్నాడే మాష్టారి ఫోను. "నువ్వున్నావుగా అమ్మా అక్కడ. ఉంచడం, తీసెయ్యడం నీ చేతిలోనే ఉంటుందటగా" అన్నారు. ఈమె "చూస్తాను మాష్టారూ" అని పెట్టేశారు. అప్పటినుంచీ ఆ చర్చా పేజీ తెరవడానికి చెయ్యి రావడం లేదు.

వ్యాసంలో మూలాలుగా ఇచ్చినవి: రెండు దినపత్రికల్లో ఒకే రోజు వచ్చిన చిన్న వార్తలు, ఒక వారపత్రిక "పిల్లలకు పనికొచ్చే పది సైట్లు" శీర్షికలో మూడు వాక్యాలు, ఒక ఆదివారం అనుబంధంలో అరపేజీ కథనం, ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూ, ఒక సంస్థ ఇచ్చిన "ఉత్తమ విద్యా వెబ్‌సైట్" పురస్కారం, చివరికి సైటులోని "మా గురించి" పేజీ. ఇది చాలదన్నట్టు, "ఇంత ఇస్తే మీ పేజీ ఎప్పటికీ పోకుండా మేం చూసుకుంటాం" అంటూ ఎవరో మాష్టారికి ఈమెయిల్ పంపారు. ఆయన దాన్ని ఈమెకు పంపి "ఇది నిజమేనా?" అని అడిగారు.

"ఈ సైటుకు వ్యాసం ఉండొచ్చా? ఉండకూడదంటే ఆ మాట నా నోటితో ఎలా చెప్పను? మొదట్లో అది మాష్టారి సైటని గమనించకుండానే ఆ వ్యాసంలో అక్షర దోషాలు దిద్దాను, వర్గాలు (వ్యాసం ఏ విషయం కిందికి వస్తుందో చూపే గుర్తులు) చేర్చాను. అదీ తప్పేనా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న స్థితి. నేనూ కొన్నాళ్లు ఆ గూట్లో ఉన్నవాణ్ణే, తొలగింపు చర్చల వేడి నాకు తెలుసు.

ముందు ఒక మాట మీద నా ఫిర్యాదు చెప్పనివ్వండి. ఇంగ్లీషులో "నోటబిలిటీ" అన్నదాన్ని మనం "విషయ ప్రాముఖ్యత" అనుకున్నాం. వాడకంలో స్థిరపడింది, ఇప్పుడు మార్చడం కష్టం. కానీ బయటివాళ్ల చెవికి ఆ మాట ఎలా వినబడుతుందో ఆలోచించండి. జీవితమంతా పాఠం చెప్పిన మనిషికి "మీ పనికి ప్రాముఖ్యత లేదు" అని వినబడుతుంది. అక్కడ అసలు అడుగుతున్నది అది కాదు. ఆ పని గురించి, ఆయనతో ఏ సంబంధమూ లేనివాళ్లు, నమ్మదగిన చోట, వివరంగా రాశారా అన్నదే ప్రశ్న. అంటే నలుగురి నమోదులోకి ఎక్కిందా అని. పని మంచిచెడ్డలు తూచే తక్కెడ వికీపీడియా దగ్గర లేదు, ఉండకూడదు కూడా. మీ ఉత్తరంలో ఈ రెండు ప్రశ్నలూ కలిసిపోయాయి. సగం నొప్పి అక్కడిదే.

ఆ రెండూ ఎంత వేరో తెలియాలంటే డోనా స్ట్రిక్‌లాండ్ సంగతి గుర్తుచేసుకోండి. లేజర్ల మీద పనిచేసిన కెనడా భౌతిక శాస్త్రవేత్త. 2018 మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాలో ఆమె మీద ఒకరు చిత్తుప్రతి రాసి పంపితే, స్వతంత్ర మూలాలు చాలవని వెనక్కి పంపారు. అదే ఏడాది అక్టోబరు 2న ఆమెకు నోబెల్ వచ్చింది. భౌతిక శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మూడో మహిళ. అప్పుడు కొద్దిసేపట్లోనే వ్యాసం వెలిసింది. మే నుంచి అక్టోబరు లోపల ఆమె పనేమీ పెరగలేదు, దాని గురించి లోకం రాసింది పెరిగింది. వికీపీడియా సిగ్గుపడాల్సిన సంఘటనేనని చాలామంది అన్నారు, నేనూ అంటాను. అయినా మాష్టారితో మాట్లాడేటప్పుడు ఇంతకన్నా పనికొచ్చే ఉదాహరణ మీకు దొరకదు.

ఇక తొలగింపు కోరిన సభ్యుడి వాదన చూద్దాం. ఆయన ఒక తప్పు కారణం, ఒక సరైన అనుమానం కలిపి రాశారు. "ఎనిమిది నెలలే" అన్నది కారణమే కాదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన కోర్సులన్నీ ఉచితంగా ఇంటర్నెట్లో పెడతానని 2001 ఏప్రిల్లో ప్రకటించినప్పుడు ఒక్క పాఠమూ బయటికి రాలేదు. తొలి విడతగా యాభై కోర్సులు వచ్చింది 2002లో. ప్రకటన రోజే పెద్ద పత్రికలు దాని గురించి రాశాయి, కాబట్టి పుట్టకముందే నమోదుకెక్కింది. ఖాన్ అకాడమీ కథ దీనికి ఎదురు. ఉచితంగా వీడియో పాఠాలు చెప్పే ఆ సంస్థను పెట్టిన సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) 2004లో దూరాన ఉన్న చుట్టాలమ్మాయికి లెక్కలు చెప్పడంతో మొదలుపెట్టి, 2006లో వీడియోలు యూట్యూబ్‌లో పెట్టారు. 2010లో గేట్స్ ఫౌండేషన్ చెయ్యందించాక, గూగుల్ ఇరవై లక్షల డాలర్లు ప్రకటించాక ఆ పేరు మార్మోగింది. వయసు చూసి తేల్చేదైతే ఈ రెండింటికీ ఒకే సూత్రం వర్తించదు. చర్చలో ఈ మాట ఎవరో ఒకరు అనాలి.

"ప్రచారం" అన్న అనుమానం మాత్రం కొట్టిపారేసేది కాదు. మూలాలు ఒక్కొక్కటే తీసి చూడాలి.

"మా గురించి" పేజీని వెంటనే పక్కన పెట్టండి. సైటు ఎప్పుడు మొదలైంది, ఎన్ని పాఠాలున్నాయి లాంటి మామూలు వివరాలకు వాడుకోవచ్చు, ప్రాముఖ్యతకు లెక్కలోకి రాదు. కాకి పిల్ల కాకికి ముద్దు. యూట్యూబ్ ఇంటర్వ్యూ కూడా ఇంచుమించు అంతే. అక్కడ మాట్లాడింది మాష్టారే, అడిగిన మనిషి సైటు చూసి వచ్చిన దాఖలా లేదని మీరే రాశారు. పది సైట్ల జాబితాలో మూడు వాక్యాలంటే దారిలో పలకరింపు.

ఆ రెండు దినపత్రికల వార్తల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కొత్త సభ్యులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మీరు పంపిన కత్తిరింపులు పక్కపక్కన పెట్టి చదివాను. మొదటి వాక్యం ఒకటే, చివరి వాక్యం ఒకటే, రెండింటిలోనూ "విద్యార్ధులు" అని ఒకేచోట అదే అక్షర దోషం. ఇద్దరు విలేఖరులు వేర్వేరుగా ఒకే తప్పు చెయ్యరు. మాష్టారి తరఫున ఎవరో రాసిచ్చిన ప్రెస్ నోట్ అది. పత్రిక పేరు ఎంత పెద్దదైనా, లోపలి మాట సైటు వాళ్లది. రెండు మూలాలు అనుకున్నవి కలిసి ఒకటి కూడా కాలేదు.

పురస్కారం సంగతి ఇంకా సున్నితం. వెబ్‌సైట్ల విషయంలో ఇంగ్లీషు వికీపీడియా మార్గదర్శకం పేరున్న, స్వతంత్రమైన పురస్కారాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఈ సంస్థ ప్రవేశ రుసుము తీసుకుని, అదే రోజు అరవై విభాగాల్లో అవార్డులు పంచిందని మీరే అంటున్నారు. అది పేరున్నదీ కాదు, స్వతంత్రమూ కాదు. మాష్టారు ఆ జ్ఞాపికను ముందుగదిలో పెట్టుకున్నారని రాశారు. పెట్టుకోనివ్వండి. ఆ విషయం చర్చలో రుసుము రసీదుతో సహా బయటికి లాగడం కూడా మీ పని కాదు. "దీన్ని లెక్కలోకి తీసుకోలేం" అంటే చాలు.

మిగిలింది ఆదివారం అనుబంధం. దీన్ని మాత్రం తొలగింపు కోరిన సభ్యుడు సరిగ్గా చదవలేదని నా అనుమానం. ఆ విలేఖరి పాఠాలు తెరిచి చూసింది, ఇద్దరు టీచర్లతో, కొందరు పిల్లలతో మాట్లాడింది, రసాయన శాస్త్రం పాఠాల్లో ఒకచోట సమీకరణం తూగలేదని కూడా రాసింది. పొగడ్త పక్కనే లోపాన్ని కూడా చూసినవాళ్ల రాత నిజమైన స్వతంత్ర మూలం. అరపేజీ అంటే వివరమైనదే. అదొక్కటీ నిలబడుతుంది.

కాబట్టి నా లెక్క ఇది: గట్టి మూలం ఒకటుంది, సాధారణంగా అడిగేది ఒకటి కన్నా ఎక్కువ. గడప మీద నిలబడ్డ వ్యాసం. లోపలికి రానివ్వమని వాదించేవాళ్లూ, ఇంకొన్నాళ్లు ఆగమనేవాళ్లూ ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. నేనైతే ఆగమంటాను.

అయితే మీరు ఉత్తరంలో ఒక మంచి వాదన తెచ్చారు. "తెలుగులో ఇలాంటి సైట్లే తక్కువ, వాటి గురించి రాసే పత్రికలు ఇంకా తక్కువ. ఇంగ్లీషు కొలబద్దతో కొలిస్తే మనవి ఏవీ నిలవవు" అన్నారు. నిజం. ఏ భాష వికీపీడియాకు ఆ భాష సముదాయమే నియమాలు రాసుకుంటుంది, ఇంగ్లీషు వాళ్లవి దిగుమతి చేసుకుని తీరాలని లేదు. విద్యా వెబ్‌సైట్లకు ఒక్క గట్టి మూలం చాలనుకుంటే రచ్చబండలో (సభ్యులందరూ కలిసి చర్చించుకునే పేజీలో) ప్రతిపాదన పెట్టి, అందరి అభిప్రాయంతో అలాగే రాసుకోవచ్చు. కాని ఆ సడలింపు మొదట దక్కేది మీ మాష్టారికి కాకూడదు. ఈ చర్చ నడుస్తుండగా మీరే ఆ ప్రతిపాదన పెడితే, అత్త సొమ్ము అల్లుడి దానమని ఎవరైనా అంటే మీ దగ్గర జవాబుండదు. మంచి ప్రతిపాదన మీ వల్లే పాడవుతుంది. ఈ గొడవ ముగిసిన కొన్ని నెలలకు, మాష్టారి సైటు ప్రసక్తి లేకుండా, నాలుగైదు ఇతర సైట్లను ముందు పెట్టుకుని మొదలుపెట్టండి. మాష్టారి సైటుకు అది తర్వాత వర్తిస్తే వర్తిస్తుంది.

ఇప్పుడు మీరేం చెయ్యొచ్చు?

ఒక దారి, పూర్తిగా తప్పుకోవడం. చర్చలో మాట్లాడరు, నిర్వాహక హోదా ముట్టరు. శుభ్రమైన దారే. ఇబ్బందల్లా ఏమిటంటే, ఆ ఆదివారం కథనాన్ని సరిగ్గా చదివిన మనిషి అక్కడ మీరొక్కరే కావచ్చు. మీరు నోరు మూసుకుంటే ఒకవైపు పద్నాలుగు "ఉంచాలి"లు, ఇంకోవైపు "ఎనిమిది నెలలే" అన్న వాదన మిగులుతాయి. రెండూ బలహీనమైనవే.

రెండోది, మీ సంబంధం ముందే చెప్పి మాట్లాడటం. "ఈయన నాకు చదువు చెప్పిన మాష్టారు. నేను ఉంచమనీ చెప్పను, తీసెయ్యమనీ చెప్పను, నిర్వాహకురాలిగా ఇందులో ఏ చర్యా తీసుకోను. మూలాల గురించి నా పరిశీలన ఇది" అని పైన నేను చేసినట్టే ఒక్కొక్కటీ విప్పి పెట్టండి. దీనికి మూల్యం లేకపోలేదు. మీ సంబంధం అందరికీ తెలుస్తుంది, మీరు రాసింది మాష్టారూ చదువుతారు. ప్రెస్ నోట్ మాట ఆయన కంట పడుతుంది. అందుకే, ఈ దారి పడితే ముందు ఫోను, తర్వాత చర్చ. వరస మారకూడదు.

మూడోది, ఏదో ఒకవైపు ఓటెయ్యడం. ఉంచమంటే మీ ఆరేళ్ల మాటకున్న విలువ ఒక్క పూటలో ఖర్చవుతుంది. తీసెయ్యమంటే నిజాయితీ చాటుకోవడానికి మాష్టారిని బలిచ్చినట్టు మీకే అనిపించి, ఆ మచ్చ చాన్నాళ్లు ఉంటుంది. ఈ దారి నాకు నచ్చలేదు.

నేనైతే రెండోది పడతాను. మీ మనసు అంతటికి ఒప్పకపోతే మొదటిదీ పరువైనదే. ఏ దారైనా ఒక్కటి మాత్రం చెయ్యకండి: చర్చ ముగింపు మీరు రాయకండి. ఎటు తేల్చినా సరే. దగ్గరి సంబంధం ఉన్నచోట నిర్వాహకులు మీట నొక్కకపోవడమన్నది రాసి ఉన్నా లేకపోయినా పాటించాల్సిన మర్యాద.

ఆ పద్నాలుగు ఖాతాల గురించి కూడా చెప్పాలి. తొలగింపు చర్చ ఓట్ల లెక్కింపు కాదని మీకు తెలుసు, వాళ్లకు తెలియదు. గురువు మీద ప్రేమతో వచ్చారు. కాని రెండు రోజుల్లో పుట్టిన ఖాతాలు గుంపుగా ఒకే మాట రాస్తే, చదివేవాళ్లకు వ్యాసం మీద అనుమానమే పెరుగుతుంది. ఇంకెవర్నీ పంపొద్దని మాష్టారితో చెప్పించండి. వాళ్లలో ఇద్దరు ముగ్గురికైనా మీరు వాడుకరి చర్చా పేజీల్లో స్వాగతం చెప్పి, తమకు తెలిసిన విషయం మీద ఒక మొలకను (నాలుగు ముక్కలతో ఆగిపోయిన వ్యాసాన్ని) విస్తరించమని అడగండి. తెలుగు వికీపీడియాకు రాసే చేతులే కరువు.

వ్యాసం ఏమవుతుందన్నదానికి మూడు ముగింపులున్నాయి. ఉంచితే, అది ఆ క్షణం నుంచి మాష్టారిది కాదు. తూగని సమీకరణం సంగతి మూలంతో సహా ఎవరైనా చేరుస్తారు, ఆయన తీసెయ్యలేరు. రేపు సైటు ఆగిపోతే అదీ రాస్తారు. ఇది ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. తొలగిస్తే, శాశ్వతమేమీ కాదు. పాత వ్యాసం నిర్వాహకులకు కనిపిస్తూనే ఉంటుంది, కొత్త మూలాలు వచ్చిన రోజు వెనక్కి తేవచ్చు. మూడోది, రాసిన విద్యార్థి వాడుకరి పేజీ కిందికి చిత్తుప్రతిగా తరలించడం. గడప మీది వ్యాసాలకు నాకు ఇష్టమైన పద్ధతి. రాసినవాడి శ్రమ పోదు, మరో స్వతంత్ర కథనం వచ్చినప్పుడు చేర్చి తిరిగి అడగొచ్చు. చర్చలో ఇంకెవరైనా దీన్ని ప్రతిపాదిస్తే బాగుంటుంది.

ఫోనులో ఏం చెప్పాలి? మొదట ఆ ఈమెయిల్ సంగతి తేల్చేయండి, అది తేలిక. డబ్బు తీసుకుని పేజీ కాపాడతామనేవాళ్లు అబద్ధం చెబుతున్నారు. అలాంటి హక్కు ఎవరికీ లేదు. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో ఇలాంటి ముఠా ఒకటి బయటపడి 381 ఖాతాలు నిషేధానికి గురయ్యాయి, రెండొందలకు పైగా వ్యాసాలు పోయాయి. డబ్బు కట్టినవాళ్ల పేజీలూ వాటితో పాటే పోయాయి. డబ్బు పుచ్చుకుని రాసేవాళ్లు ఆ సంగతి బహిరంగంగా చెప్పి తీరాలని 2014 నుంచీ వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నియమాల్లోనే ఉంది. ఆ మెయిల్‌కు జవాబు కూడా ఇవ్వొద్దనండి.

తర్వాత, ఆయన వ్యాసం ఎందుకు కోరుకుంటున్నారో అడగండి. మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, బహుశా అడిగి ఉండరు. గూగుల్ వెతుకులాటలో సైటు పైకి వస్తుందనైతే, వికీపీడియా నుంచి బయటికి వెళ్లే లంకెలను ఆ లెక్కలోకి తీసుకోవద్దని సెర్చి ఇంజన్లకు సూచించే గుర్తు 2007 నుంచీ ఉంది. ఆ లాభం దాదాపు లేదు. పిల్లలకు పాఠాలు చేరాలనైతే వేరే దారుంది: చేత్తో గీసిన ఆ బొమ్మలను వికీపీడియా వ్యాసాలకు బొమ్మలు అందించే భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో పెట్టమనండి. తెలుగు వికీపీడియా సైన్సు వ్యాసాల్లో తెలుగు పేర్లు రాసిన బొమ్మలు ఎంత తక్కువో మీకు నేను చెప్పక్కర్లేదు. కాని షరతు ముందే చెప్పండి, తర్వాత బాధపడకూడదు. అక్కడ పెట్టిన బొమ్మను ఎవరైనా, వ్యాపారానికైనా, ఆయన పేరు చెప్పి వాడుకోవచ్చు. గైడ్లు అచ్చేసేవాళ్లు కూడా. ఆయనకు ఇష్టం లేకపోతే బలవంతపెట్టకండి. తన సైటు లంకెను ప్రతి సైన్సు వ్యాసం కిందా అతికించడం మాత్రం వద్దనండి, స్పామ్ జాబితాలోకి ఎక్కితే దిగడం కష్టం.

ఆయన కోరుకుంటున్నది గుర్తింపే అయితే, అప్పుడు మీకు మాటలు తడుముకోవాల్సి వస్తుంది. నియమాల పేర్లు చెప్పకండి. "మాష్టారూ, మీ గురించి మీరు చెప్పుకున్నవి కాకుండా, మిమ్మల్ని ఎరగనివాళ్లు రాసినవి రెండు కావాలి. ఒకటుంది, రెండోది ఇంకా రాలేదు" అనండి. ప్రయోగం మరొకరు చేసినా అదే ఫలితం రావాలని మీకు నేర్పిన మనిషికి ఇందులో అర్థంకానిది లేదు. కోపం వస్తే రావచ్చు. పదిరోజులు మాట్లాడకపోవచ్చు. "నీ చేతిలో ఉంది" అనుకున్న మనిషికి "నా చేతిలో లేదు" అంటే నమ్మకపోవచ్చు కూడా. ఆ కష్టాన్ని తప్పించే ఉపాయం నా దగ్గర లేదు. "చూస్తాను" అన్న మాటను మాత్రం ఇంకో వారం సాగదియ్యకండి. చర్చ ముగిశాక వేరేవాళ్ల ద్వారా తెలిస్తే, తొలగింపు కన్నా అదే ఆయన్ను ఎక్కువ బాధిస్తుంది.

ఆ సమీకరణం సంగతి కూడా అప్పుడే చెప్పండి. విలేఖరి రాసి మూడు నెలలైంది. నేను ఈ పూట చూశాను, సైటులో ఇంకా అలాగే ఉంది.

మీ చివరి ప్రశ్న: అక్షర దోషాలు దిద్దడం తప్పు కాదు, వర్గాలు చేర్చడమూ కాదు. వాటిని వెనక్కి తిప్పకండి, ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. చర్చలో మీ సంబంధం చెప్పే వాక్యం పక్కనే "ఫలానా తేదీల్లో ఈ దిద్దుబాట్లు చేశాను, అప్పటికి ఇది మాష్టారి సైటని గమనించలేదు" అని ఒక్క ముక్క చేర్చండి. పేజీ చరిత్రలో ఎలాగూ ఉంది.